అడిగితే లేదంది

శనివారం నుంచి బోయ్కా చిన్నకూతురితో మాట్లాడటం మానేసింది. ఒకే పెరట్లో, ఒకే గంప ముందు కూర్చుని, కాల్చిన ఎర్ర మిరపకాయల తొక్క ఒలుస్తూ కూడా మాట్లాడలేదు. చెప్పాల్సినవన్నీ అల్లుడి చేత చెప్పించింది.

"మిలెన్, మీ ఆవిడతో చెప్పు నాయనా, తొక్కంతా తీయమని. సగం సగం ఒలిస్తే పచ్చడి చేదెక్కుతుంది."

మిలెన్ కరెంటు కుండలో కాయలు వేసి కాలుస్తున్నాడు. భార్య అతని మోచేతి పక్కనే ఉంది. అత్తగారి మాట ఆమెకు వినపడిందని అతనికీ తెలుసు. అయినా పెద్దావిడ పెట్టిన పని కదా అని, "తొక్కంతా తీయమంటున్నారు" అన్నాడు.

"విన్నాను" అంది జోర్నిత్సా.

"విన్నానంటోంది అత్తయ్యా."

"నాకేం చెవుడు లేదు" అంది బోయ్కా.

వేరే ఏడాదైతే ఈ పాటికి నలుగురూ పొట్ట పట్టుకుని నవ్వేవారు. సెప్టెంబరు వచ్చిందంటే ఆ వీధిలో ప్రతి పెరట్లోనూ మిరపకాయలు కాలుతూనే ఉంటాయి. పచ్చడి కాచే రోజంటే ఆ ఇంట్లో పండగ. ఈసారి ఎవరికీ నవ్వు రాలేదు. తల్లికీ చిన్నకూతురికీ మధ్య పీట వేసుకుని కూర్చున్న పెద్దకూతురు పావ్లినా తలెత్తనే లేదు. ఎండ చుర్రుమంటున్నా మణికట్ల దాకా ఉన్ని చొక్కా వేసుకుని, ఒక్కో కాయనీ పసిపిల్లకి ఒళ్ళు తుడిచినట్టు ఒలుస్తోంది.

మెట్ల కింద అట్టపెట్టె శుక్రవారం పెట్టినచోటే ఉంది. అందులో ఒక కప్పు, కుర్చీ మీద వేసుకునే చిన్న దిండు, ఎండిపోవడం చేతగాని ఒక ముళ్ళమొక్క ఉన్నాయి. మునిసిపల్ ఆఫీసులో పావ్లినా సంపాదన అంతే. పుట్టిన పిల్లల పేర్లు, పెళ్ళిళ్ళు, చావులు రాసుకునే విభాగంలో ఆమె జుట్టు నెరిసింది. ఊళ్ళో సగం మంది పిల్లలకి మొదటి కాగితం ఆమె చేతి రాతే. ఆ విభాగంలో ఇద్దరుండేవాళ్ళు. ఒక పోస్టు ఎత్తేశారు. ఇద్దరికీ మార్కులు వేసి చూస్తే పావ్లినాకి తక్కువొచ్చాయి.

ఉద్యోగం పోయినందుకు బోయ్కా ఒక రాత్రంతా ఏడ్చింది, అంతే. మాటలు మానేసింది మాత్రం మర్నాడు రొట్టెల కొట్టు దగ్గర విన్నదానికి. పావ్లినాని తీసేసిన కలీనా, అంటే సిబ్బంది విభాగం అధికారిణి, జోర్నిత్సా దగ్గర చదువుకున్న మనిషట. 'మీ చిన్నమ్మాయి భలే నేర్పించింది, మీ పెద్దమ్మాయిని చెయ్యి వణక్కుండా సాగనంపారు' అని వరసలో ఎవరో అన్నారట. బోయ్కా రొట్టె కొనకుండానే ఇంటికొచ్చేసింది.

ఆ మాటలో అబద్ధం లేదు. జోర్నిత్సా పనే అది. ఆ జిల్లాలోని మునిసిపాలిటీలకీ, పన్నుల ఆఫీసులకీ, బడులకీ తిరిగి, సిబ్బంది వ్యవహారాలు చూసేవాళ్ళకి కార్మిక చట్టం నేర్పుతుంది. మనిషిని ఎలా తీసుకోవాలి, సెలవు ఎలా లెక్కగట్టాలి, తప్పు చేస్తే ఎలా విచారించాలి అన్నీ చెబుతుంది. సెలవుల పాఠానికి వెనక బెంచీలు ఖాళీగా ఉంటాయి. ఉద్యోగంలోంచి తీసేసే పాఠానికి మాత్రం గది నిండిపోతుంది. అయినా జోర్నిత్సా దాన్ని కత్తి నూరడం అనుకోలేదు. పద్ధతిగా తీసేయడమంటే పోయే మనిషికి ఇచ్చే ఆఖరి మర్యాద అని నమ్మింది. ఆ మాట ప్రతి క్లాసులోనూ చెప్పేది, చెప్పినప్పుడల్లా గొంతు కాస్త గంభీరంగా పెట్టేది.

"కేసు వేస్తుందో లేదో అడుగు నాయనా" అంది బోయ్కా.

మిలెన్ నోరు తెరిచే లోపు జోర్నిత్సా తల్లికేసి తిరిగింది. కోర్టుకెళ్ళడానికి రెండు నెలలు గడువుందనీ, ఇవాళే కలీనా దగ్గరికి వెళ్తున్నాననీ, వాళ్ళు ఒక్క మెట్టు తప్పినా మొత్తం కొట్టుకుపోతుందనీ, అక్క మళ్ళీ తన కుర్చీలో కూర్చుంటుందనీ చెప్పింది.

"ఒక్క మెట్టూ తప్పకపోతేనో, అడుగు."

ఆ మాట మాత్రం మిలెన్ అడగలేదు. కుండలో కాయ ఒకటి టప్పుమని పేలింది.

"వద్దమ్మా" అంది పావ్లినా. పొద్దుట్నుంచీ ఆమె నోరు విప్పడం అదే మొదలు. "కేసూ వద్దు, గొడవా వద్దు. కోర్టంటే నా సంగతులన్నీ ఊరందరి ముందూ విప్పి ఆరేసుకోవాలి."

"ఏం సంగతులే నీకు? పెళ్ళా, పెటాకులా. ఆఫీసూ, ఇల్లూ, ఆ పాటల బృందం. దాచుకోవాల్సిందేముంది నీ దగ్గర?"

పావ్లినా చేతులు తుడుచుకుని, కట్టెలు తెస్తానని షెడ్డు వైపు వెళ్ళిపోయింది. బోయ్కా ఆమె వెళ్ళిన దారికేసి చాలాసేపు చూసింది. తర్వాత ఏమీ అననట్టే ఇంకో కాయ అందుకుంది.

*

కలీనా ఇల్లు నది వైపు వీధిలో ఉంది. తలుపు తీసి జోర్నిత్సాని చూడగానే ఆమె పక్కకి తప్పుకుని దారిచ్చింది. కాఫీ పెట్టింది, చక్కెర మర్చిపోయింది, మళ్ళీ లేచి తెచ్చింది, ఈసారి చెంచా మర్చిపోయింది. తిడితే బావుండునని ఎదురుచూస్తున్న మనిషిలా ఎదుట కూర్చుంది.

జోర్నిత్సా తిట్టలేదు. ప్రశ్నలు వేసింది. పోస్టు ఎత్తేసే నిర్ణయం ముందా, మార్కులు వేయడం ముందా? మార్కులు వేసినవాళ్ళెవరు? దేనికెన్ని? నోటీసు చేతికిచ్చిందెవరు, పక్కన సాక్షి ఉన్నారా? కలీనా ఒక్కొక్కటీ చెప్పుకుంటూ వచ్చింది. ఎక్కడా వంక లేదు. వసంతకాలంలో తాను నేర్పిన పాఠం నేర్పినట్టే నడిచింది. వింటూ వింటూ జోర్నిత్సాకి ఎక్కడో లోపల, ఈ అమ్మాయి బాగా నేర్చుకుంది అని చిన్న సంతోషం కలిగింది. కలిగిన మరుక్షణం తన మీద తనకే అసహ్యమేసింది. అక్క కొంప కూలితే గోడ పడిన తీరు బాగుందని మెచ్చుకున్నట్టుంది తన పని.

"జబ్బు సంగతి అడిగావా?" అంది చివరికి.

ఆ ఒక్క ప్రశ్న దగ్గరే చాలామంది పప్పులో కాలేస్తారు. కొన్ని పెద్ద జబ్బులున్న మనిషిని కార్మిక శాఖ అనుమతి లేకుండా తీసేయడానికి వీల్లేదు. అందుకని నోటీసు ఇచ్చే ముందే అలాంటి జబ్బేమైనా ఉందా అని మనిషిని అడగాలి. అడగడానికి మొహమాటపడి ఊరుకున్న ఆఫీసులు కోర్టులో మట్టి కరిచిన కథలు జోర్నిత్సా క్లాసులో నవ్వించి మరీ చెప్పేది.

"అడిగాను మేడమ్. రెండుసార్లు అడిగాను. లేదంది. మీరు చెప్పినట్టే కింద సంతకం కూడా చేయించుకున్నాను." కలీనా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఆ రోజు మీ క్లాసులో అన్న మాటే అంది, గుండ్రాయిలా ఉన్నానని."

ఆ రోజు జోర్నిత్సాకి బాగా గుర్తుంది. మార్చి మొదటి వారం, క్లాసు అక్క పనిచేసే మునిసిపల్ ఆఫీసులోనే. గదిలో అందరి మణికట్లకీ వసంతం వస్తోందని కట్టుకునే ఎర్రా తెలుపూ దారాలు. ఈ ప్రశ్న అడగమంటే ఎవరికీ నోరు పెగలడం లేదు. ఒకరు నేలచూపులు చూస్తారు, ఒకరు నవ్వేస్తారు. 'ఇలా కాదు' అని జోర్నిత్సా పక్క గదిలోంచి అక్కని లాక్కొచ్చి, అందరి ముందూ కుర్చీలో కూర్చోబెట్టింది. 'ఇదిగో, ఈవిడ్ని తీసేస్తున్నాం అనుకోండి. చూడండి ఎలా అడగాలో.' అక్క కళ్ళల్లోకి చూసి, జబ్బుల పేర్లు వరసగా చదివి, ఇందులో ఏదైనా ఉందా అని అడిగింది. పావ్లినా ఒక్క క్షణం ఆగింది. ఆ ఆగడం చూసి, పెద్ద నటి బయల్దేరిందని వెనకెవరో చప్పట్లు కొట్టారు. 'లేదండీ, గుండ్రాయిలా ఉన్నాను' అంది పావ్లినా. గదంతా గొల్లుమంది. అందరికంటే పెద్దగా నవ్వింది జోర్నిత్సాయే.

"ఇంకేమైనా అందా?"

కలీనా చెంచా కోసం లేవబోయి మళ్ళీ కూర్చుంది. "సంతకం చేసే ముందు, నేనేం చెప్పినా జోర్నిత్సాకి చెప్తావా అని అడిగింది. చెప్పకుండా ఎలా ఉంటానక్కా, ఆవిడ నా గురువు కదా అన్నాను. సరే అని నవ్వి సంతకం పెట్టేసింది. నేనేమైనా తప్పు మాట్లాడానా మేడమ్?"

"లేదు. మరి మార్కులెందుకు తగ్గాయి? అక్క రాతలో ఎవరూ ఒక్క తప్పు పట్టలేదే."

"సెలవులు మేడమ్. గురువారం వచ్చిందంటే సీట్లో ఉండేది కాదు. మర్నాడొచ్చినా పని సాగేది కాదు, పక్కావిడే లాక్కొచ్చేది."

"గురువారాలు మీరే కదా పంపుతున్నారు, ప్లెవెన్‌లో పాటల పోటీకి రిహార్సల్ అని?"

"ఏ పోటీ?" అంది కలీనా.

జోర్నిత్సా కాఫీ అలాగే వదిలేసి లేచింది.

*

ఇంటికి నడుస్తుంటే నాన్న గుర్తొచ్చాడు. పదేళ్ళ కిందట ఆయన్నీ ప్లెవెన్ పెద్దాసుపత్రికే తిప్పారు, అయినా పోయాడు. ఆయనకి వచ్చిన జబ్బు పేరు ఆ ఇంట్లో ఎవరూ పలకలేదు. కడుపులో పుండు అన్నారు. డాక్టరు చేత కూడా పుండనే అనిపించింది బోయ్కా. ఆ ప్రాంతంలో అది మామూలే. ఆ జబ్బుని 'ఆ పాడుది' అంటారు, అదీ గొంతు తగ్గించి. నాన్న చివరిదాకా పుండుకని చెప్పి పాలు తాగుతూనే ఉన్నాడు. ఆయనకి తెలుసో తెలీదో ఎవరూ అడగలేదు. ఆయన్ని మట్టిలో పెట్టి వచ్చిన రోజు బోయ్కా కూతుళ్ళిద్దర్నీ కూర్చోబెట్టి, ఇంకోసారి ఈ ఇంట్లో ఆ మాట వింటే నేను బతకను అంది. ఆ మాట ఇద్దరిలో పెద్దది ఎక్కువగా విన్నట్టుంది.

పెరటి వంటపాకలో పావ్లినా ఒక్కతే ఉంది. బాయిలరంత గిన్నెలో పచ్చడి కుతకుత ఉడుకుతోంది. రెండు చేతులా తెడ్డు పట్టుకుని తిప్పుతోంది గానీ ఎడమ చెయ్యి పైకి లేవడం లేదు. ఇన్ని రోజులూ తన కంటికి అది ఎందుకు పడలేదో జోర్నిత్సాకి అర్థం కాలేదు. తెడ్డు అందుకోబోయింది. అక్క ఇవ్వలేదు.

"కలీనాని ఏడిపించావా?"

"లేదు. అది తప్పేం చేయలేదు."

"చెయ్యదు. నీ శిష్యురాలు కదా."

అందులో ఎత్తిపొడుపేమీ లేదు. అందుకే జోర్నిత్సాకి మరింత గుచ్చుకుంది. వందల మందికి నేర్పిన ప్రశ్న ఇప్పుడు తానే అడగాలి. ఎలా మొదలుపెట్టాలో, గొంతు ఎంత మెత్తగా ఉండాలో, జవాబు వచ్చేదాకా ఎలా ఆగాలో నేర్పింది. వాటిలో ఒక్కటీ ఇప్పుడు అక్కరకి రాలేదు.

"అక్కా, ప్లెవెన్ ఎందుకెళ్తున్నావు?"

పావ్లినా తెడ్డు ఆపలేదు. "ఆఫీసు తరఫున అడుగుతున్నావా, ఇంటి తరఫునా?"

"అక్కా."

"పచ్చడి అడుగంటుతుంది, కాస్త ఉండు." గిన్నె చుట్టూ ఒకసారి తెడ్డు తిప్పి, మంట తగ్గించి, అప్పుడు పీట మీద కూర్చుంది. "నాన్నకొచ్చిందే. చోటు వేరు."

జోర్నిత్సా పక్కన చతికిలబడింది. ఎప్పట్నుంచి అని అడిగింది.

"నీ క్లాసుకి ముందు వారం తెలిసింది."

అంటే ఆ రోజు కుర్చీలో కూర్చున్నప్పటికే అక్కకి తెలుసు. జబ్బుల పేర్లు తాను గట్టిగా చదువుతుంటే, అందులో తన జబ్బు పేరు వింటూ కూర్చుంది. జోర్నిత్సా రెండు చేతులతో మొహం కప్పుకుంది.

"నన్ను ఆ మాట మొట్టమొదట నేరుగా అడిగింది నువ్వే" అంది పావ్లినా. "చెప్పేద్దామనే అనుకున్నాను, తెలుసా? ఒక్క క్షణం నోటిదాకా వచ్చింది. ఇంతలో ఎవరో చప్పట్లు కొట్టారు. నువ్వు నవ్వుతున్నావు. ఇంకేం చెప్పను?"

"తర్వాతైనా చెప్పొచ్చు కదే."

"ఒకసారి లేదన్నాక రెండోసారి లేదనడం చాలా తేలిక. కలీనా అడిగినప్పుడు నోటికి అదే వచ్చింది. అవునంటే అది నీకు ఫోన్ చేస్తుంది. నువ్వు పరిగెత్తుకొస్తావు. నీ మొహం చూస్తే అమ్మకి అర్థమైపోతుంది."

సెలవు చీటీ కూడా డాక్టరు దగ్గర తీసుకోలేదట, అది సిబ్బంది విభాగం మీదుగానే పోవాలి కనక. సొంత సెలవులు తోడుకుంటూ వచ్చింది. అవే మార్కులు తగ్గించాయి. ఇప్పటిదాకా మాత్రలూ ఇంజెక్షన్లూ ఇచ్చారు. ఇకమీదట పెద్ద మందు ఎక్కిస్తారట, జుట్టు రాలిపోతుందన్నారట. ఇవన్నీ పావ్లినా ఎవరో పక్కింటావిడ సంగతి చెప్పినట్టు చెప్పింది.

జోర్నిత్సాకి కన్నీళ్ళు ఆగలేదు. అయినా ఏళ్ళ తరబడి చేసిన వృత్తి లోపల్నుంచి తోసుకొచ్చింది. ముక్కు తుడుచుకుని చెప్పడం మొదలుపెట్టింది. జబ్బు ఉందంటే అనుమతి కావాలి. అనుమతి తీసుకోలేదు. సంతకం అడ్డొస్తుంది, నిజమే. కానీ అది ఎలాంటి పరిస్థితిలో పెట్టావో చెప్పొచ్చు. నేనే కోర్టులో నిలబడతాను. అందరి ముందూ నిన్ను కూర్చోబెట్టి ఆ జవాబు నీకు అలవాటు చేసింది నేనేనని చెప్తాను. నా క్లాసులు పోతే పోనీ. నీ కుర్చీ నీకొస్తుంది.

పావ్లినా అంతా విన్నది. తర్వాత చెల్లెలి జుట్టులో చిక్కుకున్న మిరప తొక్క తీసి పారేసింది.

"నాకా కుర్చీ ఎందుకు కావాలో తెలుసా? పొద్దున్న వెళ్ళి సాయంత్రం దాకా అమ్మ కంటపడకుండా ఉండటానికి. ఆఫీసులో తల మీద రుమాలు కట్టుకుని కూర్చుంటే ఎవరూ పట్టించుకోరు. ఇంట్లో ఎక్కడ దాక్కోను? కుర్చీ కావాలంటే ఆ మాట కోర్టులో చెప్పాలంటున్నావు. కోర్టులో చెప్తే సాయంత్రానికి రొట్టెల కొట్టు దగ్గరుంటుంది. ఇంక ఆ కుర్చీ నాకెందుకే?"

జోర్నిత్సా లేచి పచ్చడి ఒకసారి కలిపి వచ్చి మళ్ళీ కూర్చుంది.

"నాన్నకి చెప్పకుండా అమ్మ ఎలా మోసిందో చూశాను" అంది పావ్లినా. "మళ్ళీ మోయించలేను. కేసు వేయనని మాటివ్వు."

జోర్నిత్సా మాటివ్వలేదు. ఇవ్వనని కూడా అనలేదు. అక్క చెయ్యి తన చేతిలోకి తీసుకుని కూర్చుంది. అది ఇంత చిన్నదని అంతవరకూ తెలియదు. పావ్లినా కళ్ళూ తడిశాయి.

గుమ్మంలో అలికిడైంది. బోయ్కా నిలబడి ఉంది, చేతిలో ఖాళీ సీసాల బుట్టతో. ఎప్పుడొచ్చిందో తెలియదు.

"ఏమిటి ఇద్దరూ ఏడుస్తున్నారు?"

శనివారం తర్వాత తల్లి నేరుగా అడిగిన మొదటి మాట అది. జోర్నిత్సా లేచి నిలబడింది. అడిగిన ప్రశ్నకి నిజం చెప్పాలని ఊరూరా చెప్పే మనిషి, తెడ్డు అందుకుని గిన్నె వైపు తిరిగింది.

"పొగమ్మా. ఉప్పు తక్కువైందేమో అనుకుంటున్నాం."

బోయ్కా బుట్ట దించింది. వేలితో తెడ్డు అంచు తాకి నాలిక మీద రాసుకుంది. చాలాసేపు రుచి చూసింది.

"సరిపోయింది" అంది.

తర్వాత తన భుజం మీది శాలువా తీసి పావ్లినా మీద కప్పింది. ఎడమ వైపు తగలకుండా, మెల్లిగా, చోటు తెలిసిన మనిషి కప్పినట్టు కప్పింది.

"గురువారం నీ పాటల రిహార్సల్‌కి నేనూ వస్తాను" అంది బోయ్కా. "నేను బయట కూర్చుంటాలే. వచ్చేటప్పుడు సంచి మోయడానికి ఎవరో ఒకరుండాలి కదా."

పావ్లినా శాలువా అంచు పిడికిట్లో బిగించి తల్లికేసి చూసింది, ఎన్నాళ్ళ నుంచి అన్నట్టు. బోయ్కా ఆ చూపు అందుకోలేదు. సీసాలు ఒక్కొక్కటీ తీసి గుడ్డతో తుడవడం మొదలుపెట్టింది.

ఇప్పుడు దాచడానికి ఏమీ లేదని జోర్నిత్సాకి అనిపించింది. అమ్మకి తెలుసు. అమ్మకి తెలుసని ఇప్పుడు అక్కకీ తెలుసు. ఇంక కేసు వేయడానికి అడ్డమేముంది? అడగాలి, అంతే. ఒక్క మాట అడిగితే చాలు.

"అమ్మా" అని నోరు తెరిచింది.

"నువ్వు మాత్రం ఏమీ అడక్కు" అంది బోయ్కా, తుడుస్తున్న సీసా మీంచి కళ్ళు ఎత్తకుండానే. "నీ అడగడాలు ఆఫీసులో పెట్టుకో. ఈ ఇంట్లో వద్దు."

పావ్లినా చెల్లెలికేసి చూసి వద్దన్నట్టు కనుసైగ చేసింది. జోర్నిత్సా మాట మింగేసి పచ్చడి సీసాల్లో నింపడం మొదలుపెట్టింది. కేసు కాగితంలో మొదటి వాక్యమే ఆ జబ్బు పేరుతో మొదలవ్వాలి. ఆ వాక్యం రాయకుండా రెండు నెలలు గడిస్తే అక్క కుర్చీ ఎప్పటికీ పోతుంది. రాస్తే, ముగ్గురూ కలిసి ఇన్నాళ్ళూ నిలబెట్టుకొచ్చిన ఈ మౌనం పోతుంది. మూత బిగిస్తుంటే అక్క ఎడమ చేతికి పట్టు దొరకలేదు. అమ్మ చూడనట్టే చెయ్యి చాచి, ఆ సీసా తీసుకుని తానే బిగించింది.